పాత కస్టమర్ వెళ్లిపోయారు. పాలసీలు అమ్ముతూనే మనుషుల్ని నిలబెట్టుకోవడం ఎలా?

కొత్త_ఆఫీసర్ | సోమవారం రాత్రి 9:40

అందరికీ నమస్కారం. నల్గొండ జిల్లాలో ఒక బ్యాంకు బ్రాంచిలో పనిచేస్తున్నాను. ఉద్యోగంలో చేరి రెండేళ్లు కావస్తోంది. బ్యాంకు పేరు, ఊరి పేరు రాయను, దయచేసి అడగవద్దు.

మా బ్రాంచిలో ఒక రిటైర్డ్ టీచర్ గారికి ఖాతా ఉండేది. డిపాజిట్లన్నీ కలిపి 11 లక్షలు. ప్రతి నెలా మొదటి వారంలో వచ్చి పాస్‌బుక్‌లో ప్రింట్ వేయించుకుని, కౌంటర్లలో ఉన్న అందరినీ పేరుపేరునా పలకరించి వెళ్లేవారు. పోయిన నెల ఆయన డిపాజిట్ ఒకటి మెచ్యూర్ అయింది. ఆ రోజు మాకు ఇన్సూరెన్స్ లాగిన్ డే, అంటే పాలసీలు అమ్మి చూపించాల్సిన రోజు. సాయంత్రంలోగా రెండు పాలసీలు కావాలని పై ఆఫీసు నుంచి పొద్దున్నే ఫోన్ వచ్చింది. మేనేజర్ గారు మెచ్యూరిటీ లిస్ట్ తెచ్చి నా టేబుల్ మీద పెట్టారు. అందులో మొదటి పేరు ఆయనదే.

కుర్చీ వేసి, టీ తెప్పించి మాట్లాడాను. ఏడాదికి లక్ష చొప్పున పదేళ్లు కట్టే పాలసీ. ఆయనకు 66 ఏళ్లు. 'ఎఫ్‌డీ లాంటిదే సార్, ఇంకా మంచిది' అన్నాను. ఆ మాట నా నోటి నుంచే వచ్చింది. ఆయన ఓపికగా విని, ఆలోచిస్తానని వెళ్లిపోయారు. వారం తర్వాత వచ్చి అన్ని డిపాజిట్లూ మూసేశారు. గడువుకు ముందే తీస్తే వడ్డీలో కోత పడుతుందని చెప్పినా వినలేదు. పెన్షన్ ఖాతా కూడా వేరే బ్యాంకుకు మార్చుకుంటున్నారు.

వెళ్తూ నాతో అన్నారు: 'నా బిడ్డ ఈడుదానివి, నిన్నేమనను. కానీ నా పైసలు చూసి టీ పోసిన్రని తెలిసినంక ఈ గడప ఎక్కబుద్ధి అయితలేదు.'

వారం నుంచి సరిగా నిద్ర లేదు. టార్గెట్ టెన్షన్ ఒకవైపు, ఈ మాట ఒకవైపు. అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి. ఆయన్ను మళ్లీ కలవాలా, వద్దా?

బత్తాయి_తోట | సోమవారం రాత్రి 10:15

మేడం, మీరు ఒప్పుకుని రాసినందుకు సంతోషం. మా వైపు నుంచి ఒక మాట.

రైతుకు ఏడాదిలో డబ్బు కనపడేది రెండు మూడు సార్లే. బత్తాయి కోసినప్పుడు, ఐకేపీ సెంటర్‌లో (ఊళ్లో వడ్లు కొనే కేంద్రం) పోసిన వడ్ల డబ్బు పడినప్పుడు, పత్తి అమ్మినప్పుడు. మా ఖాతాలో పైసలు పడిన మర్నాడే బ్యాంకు నుంచి ఫోన్ వస్తుంది, 'అన్నా, ఒకసారి బ్రాంచికి రా' అని. మిగతా పది నెలలు పంట రుణం రెన్యువల్ కోసం మేం పోతే 'ఫీల్డ్ ఆఫీసర్ లేడు, రేపు రా' అంటారు. రెండు మాటలూ ఒకే బ్యాంకువి. ఆ తేడా చదువు లేని మా నాయినకు కూడా తెలుస్తుంది.

మాజీ_ఆర్‌ఎం | సోమవారం రాత్రి 11:02

మహబూబ్‌నగర్‌లో ఒక ప్రైవేటు బ్యాంకులో నాలుగేళ్లు రిలేషన్‌షిప్ మేనేజర్‌గా చేసి మానేశాను. లోపల ఏం జరుగుతుందో చెప్తాను, మీకు కొంత బరువు తగ్గుతుంది.

మెచ్యూరిటీ లిస్ట్ అసలు ఎందుకు పుట్టింది? డిపాజిట్ గడువు ఎప్పుడు తీరుతుందో కస్టమర్‌కు గుర్తు చేయడానికి. దాన్ని పాలసీలు అమ్మే లిస్టుగా మార్చేశారు. ఆ రోజు కస్టమర్ చేతిలో డబ్బు ఉంటుంది, బ్రాంచికి తానే వస్తాడు, మన మీద నమ్మకంతో సంతకం పెడతాడు. ఈ మూడూ ఒకే రోజు దొరుకుతాయి కాబట్టి పై నుంచి అందరూ ఆ రోజు మీదే కన్నేస్తారు. డిపాజిట్ రెన్యువల్ చేస్తే బ్రాంచికి కొత్తగా ఏమీ వచ్చినట్టు లెక్కలో కనపడదు. అదే డబ్బు పాలసీలోకి పోతే కమిషన్ ఆదాయం ఆ నెలలోనే కనపడుతుంది. ఆ 11 లక్షలు బయటికి పోయిన విషయం మాత్రం నెలాఖరుకు గానీ ఎవరూ అడగరు.

జడ్చర్ల వైపు రిజర్వాయర్ కింద భూములు పోయిన ఊళ్లకు నష్టపరిహారం వచ్చినప్పుడు నేనూ వెళ్లాను. భూమి పోయిన దుఃఖంలో ఉన్న ఇంటి ముందు ఒకే రోజు మూడు బ్యాంకుల వాళ్లం బైకులు ఆపుకుని నిలబడ్డాం. ఆ ఇంటి పెద్దావిడ అందరికీ మంచినీళ్లు ఇచ్చింది. నేను మానేయడానికి ఆ రోజే కారణం.

కొత్త ఆఫీసర్ గారూ, తప్పు మీ ఒక్కరిదే కాదు. కానీ 'ఎఫ్‌డీ లాంటిదే' అనే మాట ఇంకెప్పుడూ అనకండి. అన్ని ఫిర్యాదులూ ఆ ఒక్క మాట దగ్గరే మొదలవుతాయి.

పాలమూరు_పెద్దాయన | మంగళవారం ఉదయం 6:20

అమ్మా, మీ పోస్టు పొద్దున లేచి చదివాను. 34 ఏళ్లు గ్రామీణ బ్యాంకులో చేసి రిటైర్ అయ్యాను. నేను చేరినప్పుడు అది సంగమేశ్వర గ్రామీణ బ్యాంకు. 2006లో ఏపీజీవీబీ (ఆంధ్రప్రదేశ్ గ్రామీణ వికాస్ బ్యాంకు) అయింది. 2025 జనవరి 1 నుంచి తెలంగాణ గ్రామీణ బ్యాంకు. బోర్డు ఎన్నిసార్లు మారినా ఊళ్లో జనం 'గ్రామీణ బ్యాంకు' అనే అంటారు, మేనేజర్‌ను మాత్రం పేరు పెట్టి గుర్తుంచుకుంటారు.

అమ్మడం తప్పు అని నేను అనను. నేనూ అమ్మాను. ఏది అమ్మానో చెప్తాను.

2015లో ప్రధానమంత్రి సురక్షా బీమా వచ్చింది. ఏడాదికి అప్పుడు 12 రూపాయలు. 2022 జూన్ నుంచి 20 అయింది. ప్రమాదంలో పోతే ఇంటివాళ్లకు 2 లక్షలు. మా బ్రాంచి కింద తండాలు ఎక్కువ. సంతరోజు మైకు పెట్టి చెప్పి, ఫారాలు రాయించాను. అంతటితో ఊరుకుంటే పని అయ్యేది కాదు. ఈ బీమా జూన్ 1 నుంచి మే 31 వరకు ఉంటుంది, మే నెలాఖరులో ఖాతాలోంచి డబ్బు దానంతట అదే కట్ అవుతుంది. ఆ రోజు ఖాతాలో నిల్వ లేకపోతే బీమా ఆగిపోతుంది. మా వాళ్లు సగం మంది ఆ టైమ్‌లో ముంబై, పుణె పనులకు పోయి ఉంటారు. అందుకని ఏటా మే రెండో వారం నుంచి ఇంటింటికీ కబురు పెట్టేవాణ్ని, 'ఖాతాలో వంద రూపాయలన్నా ఉంచండి' అని.

రెండో ఏడాది ఒక కుర్రాడు ట్రాక్టర్ బోల్తా పడి చనిపోయాడు. భార్యకు 23 ఏళ్లు. ఆమెకు ఆ బీమా ఉన్న సంగతే తెలియదు. ఎఫ్‌ఐఆర్ కాపీ, పోస్టుమార్టం రిపోర్టు, మరణ ధ్రువపత్రం తెప్పించి, క్లెయిమ్ ఫారం నా చేత్తో నింపాను. 2 లక్షలు ఆమె ఖాతాలో పడ్డాయి. ఆ తర్వాత మూడు నెలల్లో ఆ తండా వాళ్లు చీటీల్లో, వడ్డీ వ్యాపారుల దగ్గర పెట్టుకున్న డబ్బు తెచ్చి మా బ్రాంచిలో వేశారు. నేను అడగలేదు. నా సర్వీసులో ఇంకే ప్రోడక్టూ నాకు అన్ని డిపాజిట్లు తేలేదు.

ఇంకొకటి, బంగారం మీద అప్పు. మన దగ్గర బయట నూటికి రెండు రూపాయలు, మూడు రూపాయలు నడుస్తుంది. రెండు రూపాయలంటే ఏడాదికి 24 శాతం. ఆ గిరవి విడిపించి మన బ్యాంకులోకి తెచ్చుకుంటే ఆ ఇంటికి ఎంత మిగులుతుందో కాగితం మీద లెక్క వేసి చూపించండి. అది కూడా అమ్మకమే. మీ టార్గెట్‌లోనూ లెక్కకు వస్తుంది.

ఆ టీచర్ గారి దగ్గరికి వెళ్లండి. కానీ ఏదీ అడగడానికి కాదు.

కొత్త_ఆఫీసర్ | మంగళవారం రాత్రి 8:30

సార్, రెండుసార్లు చదివాను. ఒక సందేహం. మీ బ్రాంచిలో అందరూ మీకు తెలిసినవాళ్లు. మా దగ్గర వేల ఖాతాలు, స్టాఫ్ ఐదుగురం. మూడేళ్లకు ట్రాన్స్‌ఫర్. నేను పరిచయం పెంచుకున్నా నా తర్వాత వచ్చేవాళ్లు మొదటి నుంచి మొదలుపెట్టాలి. ఎలా?

పాలమూరు_పెద్దాయన | బుధవారం ఉదయం 6:05

ఒక నోటుబుక్ పెట్టండి. ఊరివారీగా పేజీలు. పేరు, డిపాజిట్ గడువు, ఏ పంట, డబ్బు ఎప్పుడు వస్తుంది, పిల్ల పెళ్లి ఎప్పుడు, కొడుకు ఎక్కడ చదువుతున్నాడు, ఫోన్ ఎవరు ఎత్తుతారు. రోజుకు ఐదుగురి గురించి రాస్తే చాలు. వాళ్ల ఖాతా నంబర్లు, నిల్వలు అందులో రాయవద్దు, అవి కంప్యూటర్‌లోనే ఉండాలి. ట్రాన్స్‌ఫర్ అయిన రోజు ఆ పుస్తకం తర్వాతి ఆఫీసర్ చేతికి ఇచ్చి, ముఖ్యమైన పది మందికి ఆయన్ను వెంటబెట్టుకుని పరిచయం చేయండి. నేను ఐదు బ్రాంచిల్లో అలాగే చేశాను.

మిర్యాలగూడ_లెక్కలు | బుధవారం మధ్యాహ్నం 2:10

రైస్ మిల్లులో అకౌంట్స్ చూస్తాను. మీరంతా సేవింగ్స్ ఖాతాల గురించి మాట్లాడుతున్నారు, వ్యాపారుల సంగతి కూడా చెప్పాలి.

మాకు సీసీ లిమిట్ (క్యాష్ క్రెడిట్, వ్యాపారానికి అవసరమైనప్పుడు వాడుకునే అప్పు పరిమితి) ఉంటుంది. నెలనెలా స్టాక్ స్టేట్‌మెంట్ ఇవ్వాలి, ఏడాదికోసారి రెన్యువల్. వడ్లు దిగే సీజన్‌లో లిమిట్ రెన్యువల్ ఆలస్యమైతే మిల్లు ముందు లారీలు ఆగిపోతాయి. మా పాత బ్యాంకులో ఒక ఆఫీసర్ ఉండేవాడు. గడువుకు రెండు నెలల ముందే ఫోన్ చేసి 'ఆడిట్ బ్యాలెన్స్ షీట్ రెడీ చేసుకోండి, ఈ ఐదు కాగితాలు కావాలి' అని చెప్పేవాడు. ఆయన బదిలీ అయ్యాక కొత్తగా వచ్చినవాళ్లు రెన్యువల్ ఫైలుతో పాటు పాలసీ ఫారం పెట్టారు. ఇది చేస్తే అది త్వరగా అవుతుందన్నట్టు మాట్లాడారు. రాతపూర్వకంగా అడిగితే 'అబ్బే, తప్పనిసరి ఏం కాదు' అన్నారు. అప్పటికే మా ఓనరు నిర్ణయం తీసేసుకున్నాడు. లిమిట్, కరెంట్ ఖాతా, నలభై మంది హమాలీలు, స్టాఫ్ జీతాల ఖాతాలు అన్నీ వేరే బ్యాంకుకు పోయాయి.

వడ్డీ పావు శాతం ఎక్కువైనా మేం కదలం. సీజన్‌లో 'రేపు రండి' అంటే మాత్రం ఉండం.

సంఘం_బుక్‌కీపర్ | బుధవారం రాత్రి 9:00

నాగర్‌కర్నూల్ జిల్లాలో మహిళా సంఘాల లెక్కలు రాస్తాను. ఈ చర్చలో ఆడవాళ్ల మాట ఎవరూ చెప్పలేదు కాబట్టి రాస్తున్నా.

మా ఊళ్లో ఒక సంఘానికి బ్యాంకు లింకేజీ లోన్ వచ్చింది. పది మంది సభ్యులు. డబ్బు ఖాతాలో పడ్డాక చూస్తే కొంత తక్కువ. ఏమిటని అడిగితే బీమాకు కట్ అయిందన్నారు. ఎవరికీ చెప్పలేదు, ఎవరూ ఒప్పుకోలేదు, సంతకాల కట్టలో ఆ ఫారం కూడా ఉందట. డబ్బు చిన్నదే. కానీ మిగతా తొమ్మిది మంది లీడర్‌ను అనుమానించారు, ఆమె తీసుకుందేమో అని. ఆ అక్క మీటింగ్‌లో ఏడ్చేసింది. సంఘం విరిగిపోయేదాకా వచ్చింది. బ్యాంకు వాళ్లకు ఈ సంగతి ఇప్పటికీ తెలియదు.

తర్వాత వేరే ఆఫీసర్ వచ్చింది. ఆమె సంఘం మీటింగ్‌కు వచ్చి, చాప మీద కూర్చుని, పాస్‌బుక్‌లో ఒక్కో లైను చదివి వినిపించింది. ఇది వడ్డీ, ఇది అసలు, ఇది ఛార్జీ. పది లక్షల వరకు సంఘం లోన్‌కు తాకట్టు అడగకూడదని కూడా ఆమే చెప్పింది. ఆ రోజు ఏమీ అమ్మలేదు. తర్వాతి నెల మా వాళ్లు ఆరుగురు పిల్లల పేర్ల మీద నెలకు 500, 1000 ఆర్‌డీలు కట్టడం మొదలుపెట్టారు.

దేవరకొండ_అమ్మాయి | గురువారం ఉదయం 10:25

ఈ చర్చ చూసి ధైర్యం చేసి అడుగుతున్నాను. నేను హైదరాబాద్‌లో ఉద్యోగం చేస్తున్నా. మా నాన్నది దేవరకొండ దగ్గర పల్లె. పత్తి డబ్బు, ప్లాటు అమ్మిన డబ్బు కలిపి 4 లక్షలు డిపాజిట్ చేద్దామని బ్యాంకుకు పోతే, 3 లక్షలు ఎఫ్‌డీ, లక్ష పాలసీ చేశారు. ఏటా లక్ష కట్టాలని నాన్నకు తెలియదు, ఒక్కసారి కడితే చాలనుకున్నాడు. పాలసీ పత్రం పోస్టులో వచ్చి 19 రోజులైంది. ఆ డబ్బు పోయినట్టేనా? నాన్న రాత్రి అన్నం కూడా తినడం లేదు.

మాజీ_ఆర్‌ఎం | గురువారం ఉదయం 10:50

పోలేదు చెల్లీ. ముందు నాన్నకు ఫోన్ చేసి ఆ మాట చెప్పు, తర్వాత ఇది చదువు.

పాలసీ పత్రం చేతికి అందిన రోజు నుంచి 30 రోజులు ఫ్రీ లుక్ గడువు ఉంటుంది. 2024కు ముందు మామూలుగా 15 రోజులే ఉండేది. ఆ గడువులో నచ్చలేదని రాసిస్తే రద్దు చేయాల్సిందే. స్టాంప్ డ్యూటీ, అన్ని రోజులు బీమా ఉన్నందుకు కొద్ది మొత్తం, మెడికల్ పరీక్ష చేయించి ఉంటే ఆ ఖర్చు పట్టుకుని మిగతాది వెనక్కి ఇస్తారు. నీకు ఇంకా 11 రోజులు ఉన్నాయి.

ఉత్తరం ఇన్సూరెన్స్ కంపెనీకి రాయి, కాపీ బ్యాంకు మేనేజర్‌కు. నాన్న సంతకం ఉండాలి. పాలసీ నంబర్, పత్రం అందిన తేదీ, పోస్టు కవరు ఫోటో, బ్యాంకు పాస్‌బుక్ మొదటి పేజీ జత చెయ్యి. కంపెనీ ఈమెయిల్‌కు కూడా పంపు, అప్పుడు తేదీ రికార్డు అవుతుంది. బ్రాంచిలో ఇస్తే కాపీ మీద తేదీ వేసి ముద్ర కొట్టించుకోకుండా బయటికి రాకు. 'ఇంకో నెల ఆగండి, సర్దుతాం' అంటారు. ఆగవద్దు. ఆ నెల గడిస్తే ఫ్రీ లుక్ పోతుంది, ఇక సరెండరే (పాలసీని మధ్యలో వదులుకోవడమే) దిక్కు. 2024 అక్టోబర్ నుంచి వచ్చిన నిబంధనలతో మొదటి ఏడాది ప్రీమియం పూర్తిగా కట్టి, ఏడాది నిండితే కొంత విలువ వస్తుంది. కానీ నష్టం పెద్దదే.

కంపెనీ పలకకపోతే ఇన్సూరెన్స్ కంపెనీల మీద ఉండే నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ నంబర్ 155255. బ్యాంకు మీద అయితే ముందు బ్యాంకుకు రాతపూర్వకంగా ఇచ్చి, 30 రోజుల్లో జవాబు రాకపోతే, లేదా వచ్చిన జవాబు సరిగా లేకపోతే, రిజర్వ్ బ్యాంక్ అంబుడ్స్‌మన్‌కు (ఫిర్యాదులు వినే అధికారి) రాయాలి. అక్కడ నంబర్ 14448.

ఇంకో సంగతి. పాలసీ ఇచ్చే ముందు కంపెనీ నుంచి వెరిఫికేషన్ కాల్ వస్తుంది. 'అన్నిటికీ అవును అనండి' అని మేమే చెప్పేవాళ్లం. మీ నాన్న కూడా అవును అనే ఉంటాడు. దానికి ఆయన్ను తిట్టకు.

పాలమూరు_పెద్దాయన | గురువారం మధ్యాహ్నం 1:30

ఈ తమ్ముడు రాసింది అక్షరం అక్షరం పాటించు బిడ్డా.

బత్తాయి_తోట | గురువారం రాత్రి 9:20

పెద్దాయన సార్, మీరు చెప్పేది మంచిదే. కానీ మీ రోజులు వేరు. ఇప్పుడు ఆ మేడం పాలసీ అమ్మకపోతే ఆమెను అడవిలోకి ట్రాన్స్‌ఫర్ చేస్తారు. అమ్మితే మేం పోతాం. ఆమెను ఒక్కదాన్నే మంచిగా ఉండమనడం న్యాయమా?

మాజీ_ఆర్‌ఎం | గురువారం రాత్రి 9:45

ఈ మాట నేనూ అడగాలనుకున్నాను. నేను ఒక నెల నిజాయితీగా చేసి చూశాను. 60 దాటినవాళ్లకు పాలసీ చెప్పలేదు, టర్మ్ పాలసీ (చనిపోతేనే డబ్బు వచ్చే, తక్కువ ప్రీమియం పాలసీ) కావాల్సిన కుర్రవాళ్లకు అదే చెప్పాను. ప్రీమియం చిన్నది కదా, నెలాఖరు రివ్యూలో అందరి ముందూ నిలబెట్టారు.

పాలమూరు_పెద్దాయన | శుక్రవారం ఉదయం 6:15

మీరిద్దరూ చెప్పింది నిజం, కాదనను. నన్ను కూడా రివ్యూల్లో నిలబెట్టారు. నేను చేసిన పని ఒక్కటే. ప్రతి రివ్యూకు ఒక కాగితం తీసుకుపోయేవాణ్ని. ఈ నెల పోయిన డిపాజిట్లు ఎన్ని, ఎవరివి, ఎందుకు పోయాయి, పాలసీల మీద వచ్చిన కమిషన్ ఎంత. రెండు అంకెలు పక్కపక్కన రాసేవాణ్ని. మొదట విసుక్కున్నారు. ఏడాది తర్వాత ఒక రీజినల్ మేనేజర్ ఆ కాగితం అడిగి తీసుకున్నాడు. కొత్త ఆఫీసర్ అమ్మా, ఆ 11 లక్షల సంగతి మీ మేనేజర్‌కు కాగితం మీద రాసి ఇచ్చారా?

బీసీ_పాయింట్_అచ్చంపేట | శుక్రవారం సాయంత్రం 5:40

నేను కస్టమర్ సర్వీస్ పాయింట్ నడుపుతాను, బ్యాంకు తరఫున ఊళ్లోనే వేలిముద్రతో డబ్బు ఇచ్చే చోటు. మా దగ్గరికి వచ్చేవాళ్లలో ముసలివాళ్లు, కూలీలు ఎక్కువ. వాళ్ల వేలిముద్ర పడదు. సున్నం, సిమెంటు పనిచేసి గీతలు అరిగిపోయాయి. మూడుసార్లు పడకపోతే బ్రాంచికి పొమ్మంటాను, బ్రాంచి 18 కిలోమీటర్లు. అక్కడ ఆధార్ అప్‌డేట్ చేయించుకోమంటారు. వలస పోయి రెండేళ్లు ఖాతా వాడకపోతే ఇనాపరేటివ్ (వాడుకలో లేని ఖాతా) అవుతుంది. తిరిగి తెరవడానికి ఛార్జీ తీసుకోకూడదని 2024 ఏప్రిల్ నుంచి రూలు ఉంది. కేవైసీ కాగితాలిస్తే చాలు. ఈ సంగతి తెలియక కొత్త ఖాతా తెరిచేవాళ్లు ఎంతమందో. పాతదాంట్లో డబ్బు అలాగే ఉండిపోతుంది. కస్టమర్లు పోతున్నారని బాధపడే బ్రాంచిలు ముందు వీళ్లను వెతికితే బాగుంటుంది.

దేవరకొండ_అమ్మాయి | తొమ్మిది రోజుల తర్వాత, ఆదివారం

రద్దు చేస్తున్నట్టు కంపెనీ నుంచి ఈమెయిల్ వచ్చింది. డబ్బు ఇంకా పడలేదు. బ్రాంచిలో 'ఒక నెల ఆగండి' అన్నారు, మీరు చెప్పినట్టే. ముద్ర కొట్టేదాకా నాన్న కుర్చీలోంచి లేవలేదు. అన్నకు, పెద్దసార్‌కు చాలా కృతజ్ఞతలు. నాన్న ఆ 3 లక్షల ఎఫ్‌డీ కూడా తీసేస్తానంటున్నాడు. గడువు దాకా ఆగమన్నాను.

కొత్త_ఆఫీసర్ | మరుసటి ఆదివారం రాత్రి

ఇన్ని రోజులు రాయనందుకు క్షమించండి. చేసిన పనులు చెప్తాను.

కాగితం రాసి మేనేజర్ గారికి ఇచ్చాను. ఈ మూడు నెలల్లో పాలసీ మాట తర్వాత మూసేసిన డిపాజిట్లు ఏడు దొరికాయి. ఆయన చాలాసేపు చూసి, 'ఇది రివ్యూకు నేను తీసుకుపోతా' అన్నారు. పోయిన లాగిన్ డే నాడు 60 దాటినవాళ్ల పేర్లు లిస్టులోంచి ఆయనే కొట్టేశారు.

టీచర్ గారింటికి వెళ్లాను. ఆయన డిపాజిట్ల వడ్డీ సర్టిఫికెట్ పట్టుకెళ్లాను, రిటర్న్ వేయడానికి కావాలి కదా. తలుపు తీసి ఒక నిమిషం ఏమీ అనలేదు. 'ఎఫ్‌డీ లాంటిదని చెప్పింది తప్పు సార్. అది మీ వయసుకు తగిన పాలసీ కాదని అప్పుడే నాకు తెలుసు' అన్నాను. కూర్చోమన్నారు. కొత్త బ్యాంకులో మొత్తం 11 లక్షలూ ఒకేచోట వేశారట. ఒక బ్యాంకులో ఒకరి పేరు మీద అసలు, వడ్డీ కలిపి 5 లక్షల వరకే డిపాజిట్ బీమా ఉంటుందని, 2020 ఫిబ్రవరి దాకా అది లక్షే ఉండేదని చెప్పాను. రెండు మూడు బ్యాంకుల్లో పెట్టుకుంటే మంచిదన్నాను, మా బ్యాంకు అని అనలేదు. క్యాలెండర్ వెనక రాసుకున్నారు.

తిరిగి వస్తానని ఆయన అనలేదు. నేను లేచేటప్పుడు లోపలికి వెళ్లి ఒక పాత పాస్‌బుక్ తెచ్చారు. ఆయన భార్యది, మా బ్రాంచిదే. ఆరేళ్లుగా వాడలేదు. 'దీని సంగతేందో చూడు బిడ్డా' అన్నారు.

పాలమూరు_పెద్దాయన | సోమవారం ఉదయం 6:10

ఆ ఖాతాకు నామినీ ఉందా? ముందు అది చూడండి. 2025 నవంబర్ నుంచి నలుగురి దాకా పెట్టుకోవచ్చు.

కొత్త_ఆఫీసర్ | సోమవారం రాత్రి 8:15

చూశాను సార్, లేదు. టీచర్ గారి భార్యకు మోకాళ్ల నొప్పులు, బ్రాంచికి రాలేరు. రెండో శనివారం సెలవు కదా, నామినేషన్ ఫారం, కేవైసీ ఫారం తీసుకుని ఆ రోజు నేనే వెళ్తున్నాను.